ఏరని మాట

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంత పేరున్న పప్పునైనా మన ఇల్లాళ్లు చేటలో చెరిగి, రాళ్లు ఏరి గాని ఎసట్లో పోయరు. ఫోనులో వచ్చిన మాటను మాత్రం ఏరకుండానే ఊరంతా పంచుతాము.

వికారాబాదు నుండి రైలుమార్గం సాగే బీదర్ జిల్లాలోని ముర్కిలో, 2018 జూలై 13న, పిల్లల దొంగలన్న వాట్సాప్ పుకారు నమ్మిన జనం హైదరాబాదు యువ ఇంజనీరు ఒకరిని కొట్టిచంపారు. ఆ బృందం చేసిందల్లా పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే. అదే నెలలో మన దేశంలో ఒక సందేశాన్ని ఐదు చాట్లకు మించి పంపకుండా వాట్సాప్ కట్టడి ప్రకటించింది.

నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించుకోవాలని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా (49:6) ఏనాడో హెచ్చరించింది. అందుకే మా ఇంట్లో ఎవరు ఏ కబురు చూపినా, "దీన్ని కళ్లారా చూసినవారెవరు?" అని అడుగుతాను. జవాబు లేని కబురు నా ఫోను దాటదు.