మీటలు ఎండబెట్టిన రోజులు

తప్పు నాదే. కూకట్‌పల్లిలో మా గదిలో, రాత్రి పన్నెండింటికి, మర్నాడు ఇవ్వాల్సిన రిపోర్టు టైపు చేస్తూ గ్లాసెడు చాయ్ కీబోర్డు మీద ఒలకబోసుకున్నాను. ఆ పాత కంప్యూటరు నాయిన పత్తి అమ్మిన డబ్బుతో కొన్నది. వెంటనే వైరు పీకి, కీబోర్డు బోర్లించాను. నీళ్లయితే ఆరిపోయేవి, చక్కెర జిగురై కూర్చుంటుంది. కొత్తది కొనరాదా అంటారేమో. నెలాఖరు మిత్రులారా!

రిపోర్టు మిత్రుడి గదిలో ముగించాను. తెల్లారి నాయిన ఫోను. తిడతాడనుకుంటూనే చెప్పేశాను.

"వానకు తడిసిన స్టార్టర్ డబ్బా ఎట్ల జేస్తం? విప్పి, తుడిచి, ఎండబెడ్తం. ఆరకముందు కరెంటు పెడితే కాలిపోతది. గదీ అంతే" అన్నాడు. బీయస్సీ చదువుతున్నది మాత్రం నేను!

మీటల వరుసను ముందే ఫోటో తీసుకున్నాను. 1870ల నాటి టైపు మిషన్ల నుంచి వచ్చిన వరుస అది, అక్షరక్రమం ఉండదు. మీటలు సబ్బునీళ్లలో వేసి, మరలు విప్పాను. లోపల రబ్బరు బుడిపెలు, వాటి కింద మూడు పల్చని ప్లాస్టిక్ పొరలు. పై పొరకూ కింది పొరకూ కరెంటు గీతలు. నడిమి పొరకు మీటకొక చిల్లు. నొక్కితే ఆ చిల్లులో రెండు గీతలూ తాకుతాయి. ఇంతేనా! ఇన్నేళ్లూ ఏదో మంత్రమనుకున్నాను. స్వేదనజలంలో తడిపిన మెత్తని గుడ్డతో, గీతలు చెరక్కుండా చాయ్ మరకలు తుడిచాను.

డాబా మీద నీడలో రెండు రోజులు ఆరబెట్టాను. ఓనరమ్మ చూసి "వడియాలా బాబూ?" అంది.

మూడో రోజు వైరు పెట్టాను. అక్షరాలన్నీ పడ్డాయి. రాత్రి మళ్లీ నాయిన ఫోను.

"పనిజేస్తున్నదా?"

"చేస్తున్నది నాయినా. ఎంటర్ మీట ఒక్కటే గట్టిగా గుద్దాలె."

"మన బాయికాడి స్టార్టర్ గూడ గట్లనే గదరా" అన్నాడు.