ఊరికే

తెలుగులో 'ఊరికే' అన్నంత సుఖమైన మాట ఇంకొకటి లేదనుకుంటాను. కారణం చెప్పక్కర్లేదు, లెక్క అప్పజెప్పక్కర్లేదు, డబ్బివ్వక్కర్లేదు. మూడర్థాలూ ఆ మూడక్షరాల్లోనే వున్నాయి. కాని యీ మాట అందరి నోటా ఒకేలా చెల్లదు. సాయంకాలం మగవాడు చేతులూపుకుంటూ వీధిలోకి వెడితే 'ఎక్కడికి?' అని అడిగేవాళ్ళుండరు. అడిగినా 'ఊరికే' అంటే సరిపోతుంది. అదే ఆడది గడప దాటితే చేతిలో సాక్ష్యం వుండాలి. సంచీయో, పాలగిన్నెయో, కొబ్బరికాయ పెట్టిన పళ్ళెమో, కనీసం డాక్టరు రాసిన చీటీయో! ఉత్త చేతులతో నడిచే ఆడదాన్ని చూస్తే లోకానికి బెంగ. పాపం, ఇంట్లో పోట్లాడి వచ్చిందేమో!

మా వారి ఉద్యోగం మమ్మల్ని గుడిబండకి తెచ్చి రెండేళ్ళవుతోంది. హిందూపురం దాటి, మడకశిర దాటి, ఇంకాస్త ముందుకు పోతే వస్తుంది మా ఊరు. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. కర్ణాటక ఎంత దగ్గరంటే, బజారులో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. ఈ చుట్టుపక్కల మండలాల్లో కన్నడ మాధ్యమంలో నడిచే ప్రభుత్వ బడులు కూడా వున్నాయి. నేను వచ్చేసరికి ఒక నవల ముగిసింది, రెండోది మొదలుకాలేదు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో. రోజుకి ఇన్ని గంటలుంటాయని పెళ్ళయ్యాక మళ్ళీ అప్పుడే తెలిసింది. పొద్దున్నే నడవడం మొదలుపెట్టాను.

మొదటివారంలోనే ఒక పెద్దాయన ఆపాడు.

"యాడికి పోతాండావమ్మా?"

"ఊరికే" అన్నాను.

"ఏ ఊరికి? బస్సు ఇట్లా రాదే!"

ఆయన తప్పేమీ లేదు. ఆడమనిషి నోట 'ఊరికే' అంటే ఏదో ఒక ఊరికనే అనుకుంటారు కాని, ఏ పనీ లేకుండా అని ఎలా అనుకుంటారు?

మా వైపు వసంతమంటే కావ్యాల్లో వసంతం కాదు. పాత అనంతపురం జిల్లా మొత్తానికి ఏడాది వాన 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఫాల్గుణంలో నేలంతా ఎండి పెళుసుబారి వుంటుంది. సరిగ్గా అప్పుడే కానుగచెట్టు పాతాకులన్నీ దులిపేసి, చుక్క వాన లేకుండానే నూనె రాసినట్టు మెరిసే లేతాకు తొడుగుతుంది. వేళ్ళు అంత లోతుకు పోతాయిట. ఆ తర్వాత పూత. పొద్దున్నే వెళితే చెట్టు కింద బాటంతా బొరుగులు చల్లినట్టుంటుంది. కాస్త ముందుకు పోతే వక్కతోట నీడ, ఇటు పక్క మల్బరీ. ఇళ్ళ ముందు అరుగులమీద ఆడవాళ్ళు చింతకాయలు కొట్టి గింజ తీస్తూ వుంటారు. హిందూపురం చింతపండు మార్కెట్టు పేరు మీరు వినే వుంటారు. ఆ పండు వెనక ఎన్ని వేళ్ళ నొప్పులున్నాయో యీ వీధుల్లో నడిస్తే తెలుస్తుంది. ఉగాది నాటికి వేపపూత. అప్పుడు మా వీధిలో సగం ఇళ్ళలో ఉగాది పచ్చడి, సగం ఇళ్ళలో బేవుబెల్లం. ఓళిగలు మాత్రం అందరిళ్ళలోనూ.

చూసినవన్నీ ఫోనులో ఫొటోలు తీయడం అలవాటయింది. మా నాన్నగారికి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా వుండేది. ఒక ఫిల్ము చుట్టకి పన్నెండే బొమ్మలు. అంచేత పెళ్ళికో, పుట్టినరోజుకో తప్ప బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు చెట్టుబెరడుకి ఒక ఫొటో, గోడమీది ఎండకి ఇంకొకటి. మా వారు చూసి, "లేపాక్షి బసవన్న అంత దగ్గర్లో వుండగా యీ గోడలేమిటి?" అంటారు. వెళ్ళాను, తీశాను. హేమావతి వెళ్ళి నొళంబుల కాలంనాటి నల్లరాతి స్తంభాలూ తీశాను. అవి ఎంత అందమైనవైనా, వాటిని తీసేవాళ్ళు వేలమంది వున్నారు. మా వీధి కానుగచెట్టుకి నేను కాక ఇంకెవరున్నారు చెప్పండి?

ఫొటోల సంగతి వచ్చింది కనక ఒక మాట. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో ఆడవాళ్ళకోసమే ఒక జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల ఫొటో తీసేది కూడా ఆడవాళ్ళే, వాళ్ళమీద ఒక ఇంగ్లీషు దొరసాని అజమాయిషీ. ఘోషా స్త్రీలు కూడా నిర్భయంగా వచ్చి కూర్చుని ఫొటో దిగడానికి అంత ఏర్పాటు! కాని అది కలవారి ఆడవాళ్ళ ముచ్చట. మామూలు ఇల్లాలి ముఖం కాగితంమీదికి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మధ్యాహ్నాలు చదువుకుంటాను. పరీక్షకి కాదు, సమీక్షకి కాదు, నా నవలకి పనికొస్తుందనీ కాదు. పక్కింట్లో రిటైరైన కన్నడం టీచరమ్మ వున్నారు. ఆవిడ బీరువాలో త్రివేణి నవలలు, నా పెట్టెలో యద్దనపూడి సులోచనారాణి. ఆవిడకి తెలుగు చదవడం రాదు, నాకు కన్నడం చదవడం కూడబలుక్కోవడమే. అందుకని ఒకరి కథ ఒకరికి చెప్పుకుంటాం. త్రివేణి 'శరపంజర' కథ ఆవిడ చెబుతూ వుంటే సగంలో నాకు తెలిసిపోయింది. 1971లో కన్నడంలో సినిమాగా వచ్చి, 1974లో వాణిశ్రీతో తెలుగులో 'కృష్ణవేణి' అయింది అదే! త్రివేణి 1963లోనే పోయారు, పట్టుమని ముప్ఫయ్యయిదేళ్ళు నిండకుండా. ఆవిడదే ఇంకో నవల పేరు 'హణ్ణెలె చిగురిదాగ'. అంటే పండుటాకు చిగురించినప్పుడు. ఆ పేరు విన్న రోజు సాయంత్రం కానుగచెట్టు కింద మరి కాసేపు నించున్నాను.

నవలలు చదివి ఆడవాళ్ళు చెడిపోతున్నారని పూర్వం పెద్దలు తెగ బాధపడేవారు. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనడం లేదు. 'నీకు అంత తీరిక ఎక్కడిదమ్మా!' అంటున్నారు. అర్థం రెండింటికీ ఒకటే. అన్నట్టు, మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల పన్ను. కనక గ్రంథాలయంలో కూర్చుని నవల చదివినా మనం ఊరికే చదువుతున్నట్టు కాదు, సొమ్ము కట్టే చదువుతున్నాం!

మొన్న చైత్రంలో, అరుగుమీద చింతపండు గింజ తీస్తున్న ఒక అవ్వ నన్ను పిలిచింది. నేను చెట్టుకి ఫొటో తీయడం రోజూ చూస్తున్నదిట.

"చెట్లకే తీస్తావా తల్లీ? నాదొకటి తియ్యి. నవ్వుతా ఉండేది."

ఇదివరకు తీయించుకోలేదా అంటే లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో రేషను కార్డు, ఓటరు కార్డు, ఆధారు, పింఛను కాగితం. అన్నిట్లోనూ ఆవిడ ఉంది. అన్నిట్లోనూ బిగుసుకుపోయి ఉంది.

"చూడు, ప్రతిదాంట్లోనూ దొంగమాదిరి ఉండాను. నవ్వొద్దు, కదలొద్దు అంటారు."

ఆవిడ పెళ్ళినాడు కెమెరా లేదు. బిడ్డల పెళ్ళిళ్ళలో వంటింట్లో వుంది. డెబ్బయ్యేళ్ళు పైబడిన మనిషి ముఖాన్ని, ఏదో ఒక కార్డుకి అవసరమైతే తప్ప, ఎవరూ ఒక్కసారి కూడా తీయలేదన్నమాట.

కొంగు సర్దుకుంది. చింతపండు చేతులు వెనక్కి పెట్టుకుంటే, వద్దు, ముందే వుంచమన్నాను. మొదటి మూడూ ఆధారు ఫొటోల్లాగే వచ్చాయి. నాలుగోసారి వీధిలో మేక ఒకటి చింతకాయల బుట్టలో మూతి పెట్టింది. అవ్వ దాన్ని అదిలిస్తూ పకపకా నవ్వింది. అది దొరికింది.

హిందూపురం వెళ్ళినప్పుడు పెద్ద సైజులో వేయించి తెచ్చిచ్చాను.

"ఎంతయిందమ్మా?"

"ఊరికే, అవ్వా."

"ఊరికే ఎవురు తీస్తారు?" అంటూ పిడికెడు చింతపండు నా చేతిలో పెట్టింది. ఫొటో పట్టుకుని చాలాసేపు చూసుకుంది. దాన్నీ ఆ కవరులోనే దాస్తుందేమో, నలిగిపోతుందేమోనని చూస్తున్నాను. అవ్వ కవరు పక్కకి నెట్టి, గోడమీద అద్దం పక్కన మేకు వెతికింది.

"దీన్ని కార్డుల్లో కలపనమ్మా" అంది. "ఇది దేనికీ పనికొచ్చేది కాదు గదా!"

అంత గర్వంగా ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు.