ఫరోస్ రాళ్ళ నడుమ

ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సముద్రతీరాన ఖైత్‌బే కోటను కుటుంబ సమేతంగా దర్శించాము. ప్రాచీన ప్రపంచ వింతల్లో ఒకటైన ఫరోస్ దీపస్తంభం ఒకప్పుడు వెలిగింది ఈ చోటనే. 1326లో ఇబ్నె బతూతా చూసినప్పుడు దాని ఒక పార్శ్వం శిథిలమై ఉంది. 1349లో తిరిగి వచ్చేసరికి లోపలికి ప్రవేశించే వీలే లేకపోయిందని ఆయన రాశారు. భూకంపాలు కూల్చిన ఆ రాళ్ళను మమ్లూక్ సుల్తాన్ ఖైత్‌బే 1477లో ఆరంభించిన ఈ కోటకు వాడించారు.

"మరి దీపమేది, దాదీ?" అని మా చిన్నమ్మాయి అడిగింది. అమ్మ కోటలోని మస్జిద్ వైపు చూపి, "స్తంభాలు కూలుతాయి తల్లీ, దారి చూపే అల్లాహ్ శాశ్వతుడు" అన్నారు.

ఇబ్నె బతూతా రెండు రాకల మధ్య గడిచినవి 23 ఏళ్ళే. మేము మళ్ళీ వచ్చేనాటికి మాలో ఎవరుంటారో అల్లాహ్‌కే ఎరుక. అమ్మ చేయి పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగాము.