28వ రోజు

ఇవాళ స్కానింగ్ గదిలో మా కుక్క చిన్నిని కదలకుండా పట్టుకుని నిలబడ్డా. జత కట్టించి 28 రోజులు.
డాక్టర్ గారు తెర మీద వేలుపెట్టి చూపించారు...
నల్లటి చిన్న సంచి. అందులో మినుకుమినుకుమంటూ ఓ చుక్క.
గుండె!
నా చెయ్యి దాని తల మీదే ఉండిపోయింది. కళ్ళు తడిసిపోయాయి.

మెడికల్ షాపు ప్రెగ్నెన్సీ కిట్‌తో చూడొచ్చుగా అని చాలామంది అన్నారు. పనిచెయ్యదండీ. ఆ కిట్ పసిగట్టే హెచ్‌సీజీ హార్మోన్ కుక్కల్లో ఉండదు. వీటికి రక్తంలో రిలాక్సిన్ చూడాలి, అదీ నెల కావొస్తుంటేనే.
పొట్ట పెరిగింది, పాలొచ్చాయి అని నమ్మేయొద్దు. చూలు లేకున్నా అలా అవుతుంది.
ఎన్ని పిల్లలో తేలేది 55 రోజులు దాటాక, ఎక్స్‌రేలో.

ఇంట్లో పొట్ట నొక్కి మాత్రం చూడకండి, దయచేసి.
మీ ఇంట్లో ఎలా తెలిసింది? చెప్పండి.