యమునకు ఆవలి ఒడ్డు

నగరాన్ని నడపడం కూడా ఒక విద్య అని, దానిని నేర్పవచ్చునని ఆసియా దేశాలు గుర్తించి ఎంతో కాలం కాలేదు. రాజధానులు కట్టించిన రాజులకు శిల్పులు ఉండేవారు, కొలతలు ఉండేవి, వాస్తు గ్రంథాలు ఉండేవి. కాని పొట్ట చేతబట్టుకుని పల్లెల నుంచి వచ్చిపడే లక్షలమందికి మంచినీరు, తలదాచుకొనే నీడ, మురుగుకాలువ ఎలా సమకూర్చాలో ఆ గ్రంథాలు చెప్పలేదు. దేశాలు స్వతంత్రమైన తర్వాత ఆ బరువు మామూలు ఉద్యోగుల నెత్తిన పడింది. రోడ్లు వేయడం తెలిసిన ఇంజనీరు, పన్ను వసూలు చేయడం తెలిసిన కమిషనరు ఒకనాటి ఉదయం ఆఫీసుకు వచ్చేసరికి, రైలు పట్టాల పక్కన మరో ఊరే వెలసి ఉండేది.

ఈ విషయంలో భారతదేశం పొరుగువారికి కొంత సాయం చేస్తూ వచ్చింది. 1964లో ప్రారంభమైన భారత సాంకేతిక, ఆర్థిక సహకార కార్యక్రమం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులు మన శిక్షణ సంస్థలకు వస్తుంటారు. విమానం టిక్కెట్టు మొదలు బస వరకు ఖర్చు మన ప్రభుత్వానిదే. వారిలో నగరాల బాధ్యత చూసేవారికి బాగా పరిచయమైన చిరునామా ఢిల్లీలోని లోధీ రోడ్డు. 1970లో ఏర్పడిన గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి సంస్థ హడ్కో, మానవ నివాసాల నిర్వహణలో పరిశోధనకు, శిక్షణకు 1985లో ప్రత్యేకంగా ఒక విభాగాన్ని నెలకొల్పింది. వేరువేరు దేశాల ఇంజనీర్లు, ప్లానర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని భూమి చట్టాలను, గృహరుణాలను, మురికివాడల సమస్యను చర్చించుకొనే అవకాశం అటువంటి చోట్ల కలుగుతున్నది.

ఇటువంటి శిక్షణలో ఒకటి రెండు రోజులు క్షేత్ర సందర్శనకు కేటాయించడం ఆచారం. చిక్కంతా అక్కడే ఉన్నది. వచ్చినవాడు అతిథి, చూపించేవాడు గృహస్థు. చుట్టం ఇంటికి వస్తే వాకిట్లో ముగ్గునూ, వసారాలో కుర్చీలనూ చూపిస్తాము గాని పెరట్లోకి తీసుకుపోయి అంట్లగిన్నెలు చూపించము. దేశాలకూ ఈ బిడియం ఉన్నది. కాబట్టి అతిథులు మెట్రో రైలు ఎక్కుతారు, తీర్చిదిద్దిన ఉద్యానం చూస్తారు, కొత్త కార్యాలయ భవనం ముందు నిలబడి ఫోటో దిగుతారు. ఇవి చూడదగినవి కావని ఎవరూ అనరు. కాని కాఠ్మాండూలోనో కొలంబోలోనో తిరిగి బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆ అధికారి ముందుకు వచ్చే ఫైలు ఉద్యానం గురించి ఉండదు. ఒక బస్తీని ఖాళీ చేయించాలా వద్దా అన్న దాని గురించి ఉంటుంది.

ఆ ఫైలుకు పనికివచ్చే పాఠం కావాలంటే లోధీ రోడ్డు నుంచి ఎక్కువ దూరం పోనక్కరలేదు. యమున దాటితే చాలు. పాత ఢిల్లీవాసులు ‘జమ్‌నా పార్’ అని కొంచెం తేలికగా మాట్లాడే ఆవలి ఒడ్డున మయూర్ విహార్ ఉన్నది.

1957 నాటి చట్టంతో ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1962లో నగరానికి మొదటి మాస్టర్ ప్లాన్ అమలులోకి వచ్చింది. దానిని తయారు చేయడంలో ఫోర్డ్ ఫౌండేషన్ పంపిన నిపుణుల బృందం తోడ్పడింది. ఆ బృందానికి నాయకుడు ఆల్బర్ట్ మేయర్. లె కార్బూజియే రాకముందు చండీగఢ్‌కు తొలి నమూనా గీసినవాడూ, అంతకు ముందు ఉత్తరప్రదేశ్‌లోని ఎటావా పల్లెల్లో గ్రామాభివృద్ధి ప్రయోగం నడిపినవాడూ ఆయనే. అంటే ఢిల్లీ కూడా ఒకప్పుడు పరదేశి గురువు దగ్గర పలక పట్టిన విద్యార్థే. ఆ నగరమే నేడు ఇతరులకు పాఠం చెప్పే స్థితికి రావడం సంతోషించవలసిన సంగతి.

మయూర్ విహార్ 1980ల సంతానం. అభివృద్ధి సంస్థ కట్టిన ఫ్లాట్లు, ఉద్యోగుల సహకార సంఘాలు కట్టించుకున్న బహుళ అంతస్తుల సముదాయాలు, మార్కెట్టుకు కేటాయించిన స్థలం, బడికి కేటాయించిన స్థలం, మధ్యలో పార్కులు. కాగితం మీద గీసినదానికీ నేల మీద లేచినదానికీ ఇక్కడ పోలిక కనిపిస్తుంది. దక్షిణాది కుటుంబాలు గణనీయంగా స్థిరపడిన చోటు ఇది. ఉత్తర గురువాయూరప్పన్ ఆలయం ఇక్కడే ఉన్నది. కరివేపాకు కోసం నగరం ఆ చివరికి పోవలసిన అవసరం లేని ఢిల్లీ పేటల్లో ఇదొకటి. ప్రణాళిక ప్రకారం కట్టిన నివాసప్రాంతం ఎలా ఉంటుందని శిక్షణార్థి అడిగితే దీనిని నిస్సంకోచంగా చూపవచ్చు.

అయితే అక్కడే ఆగిపోకూడదు. రోడ్డు దాటి నడిస్తే త్రిలోక్‌పురి వస్తుంది. దాని పక్కన కల్యాణ్‌పురి, ఖిచ్డీపూర్. ఇవి మయూర్ విహార్ కంటే కొన్నేళ్ళు పెద్దవి. 1975-77 అత్యవసర పరిస్థితి కాలంలో నగరం నడుమ ఉన్న గుడిసెలను తొలగించి, సుమారు ఏడు లక్షలమందిని నగరం అంచులకు తరలించారు. అలా పుట్టిన పునరావాస కాలనీలు ఇవి. ఒక్కొక్క కుటుంబానికి ఇచ్చిన స్థలం ఇరవై ఐదు చదరపు గజాలు. ఆ జాగాలోనే తరువాతి తరాలవారు అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ వచ్చారు. 1984 నవంబరులో సిక్కుల మీద జరిగిన ఊచకోతలో అతి ఘోరమైన అధ్యాయం త్రిలోక్‌పురి సందుల్లోనే జరిగింది. కొలతలూ గీతలూ ఉన్న పటంలో అటువంటిది ఏదీ కనిపించదు. ఇరుకు సందు, ఇద్దరు ఎదురుపడితే పక్కకు తిరిగి నడవవలసిన సందు, ఆపద వేళ ఎలా మారుతుందో ప్లానరు ఆలోచించవలసిన విషయమే.

ఇక్కడొక తమాషా ఉన్నది. తక్కువ ఆదాయం గలవారికి పనిచేసే చోటుకు దగ్గరగా, నగరంలోని వేరువేరు భాగాలలో స్థలం కేటాయించాలని 1962 నాటి ప్రణాళికే చెప్పింది. ఆ మాట ఆచరణలో నిలవలేదు. నగరం వారిని దూరంగా పంపింది. తర్వాత నగరమే పెరిగి, వారి పక్కకు వచ్చి కూర్చుంది. ఫ్లాట్లలో వంటకూ, కాపలాకూ, కారు నడపడానికీ మనుషులు కావలసివచ్చింది. మయూర్ విహార్‌కూ త్రిలోక్‌పురికీ మధ్య ప్రతి ఉదయం నడిచిపోయే మనుషుల వరుస ఆ ప్రణాళికలోని విస్మృత వాక్యానికి వ్యాఖ్యానం వంటిది.

ఈ రెండు పేటల నడుమ జరిగిన మరో ఉదంతం శిక్షణ తరగతిలో ఒక పూట పాఠానికి సరిపోతుంది. ఢిల్లీ మెట్రో గులాబీ మార్గం నగరాన్ని చుట్టివచ్చే పెద్ద మార్గం. 2018 అక్టోబరు 31న ఉత్తరం వైపు నుంచి రైలు త్రిలోక్‌పురి వరకు వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 31న దక్షిణం వైపు నుంచి మయూర్ విహార్ పాకెట్-1 వరకు వచ్చింది. రెంటికీ మధ్య మిగిలిన ఖాళీ అతి చిన్నది. కాని ఆ ఖాళీలో ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళవారికి బదులుగా ఎక్కడ, ఏమి ఇవ్వాలన్న ప్రశ్న తేలేసరికి రెండేళ్ళ ఏడు నెలలు పట్టింది. 2021 ఆగస్టు 6న గాని రైలు ఆ కొద్దిపాటి దూరం దాటలేదు. యమున మీదుగా రైలు మార్గం నిర్మించగలిగిన ఇంజనీర్లకు ఆ నాలుగు అడుగులు నదికంటే వెడల్పయ్యాయి. ఒకసారి ఇల్లు కదిలించబడిన కుటుంబాలను రెండోసారి కదలమన్నప్పుడు, వారు కాగితం చూపించమని అడగడంలో వింత లేదు. ఆ సంభాషణ ఎలా నడపాలో, ఏ దశలో మొదలుపెట్టాలో నేర్పే పాఠ్యాంశం కాంక్రీటు పాఠానికి ముందే రావాలి.

పడమటి వైపున నది ఉన్నది. ఢిల్లీ ప్రణాళికలో యమునాతీరానికి ‘ఓ’ జోన్ అని పేరు. ఆ జోన్‌లో భాగమైన చిల్లా ఖాదర్ నేలలో కూరగాయలు పండించే కుటుంబాలు ఉంటున్నాయి. వరద మైదానంలో నివాసం ఉండరాదన్న మాట శాస్త్రీయమైనదే. దానిని కాదనలేము. ఆ గుడిసెలను అధికారులు పలుమార్లు తొలగించారు కూడా. 2023 జులై 13న పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్ల మట్టానికి చేరింది. 1978లో వచ్చిన 207.49 మీటర్ల రికార్డు నలభై ఐదేళ్ళ తర్వాత చెరిగిపోయింది. పొలాలు మునిగిన కుటుంబాలు పిల్లలతో, గొడ్లతో మయూర్ విహార్ రోడ్ల పక్కన గుడారాలు వేసుకుని ఉండవలసివచ్చింది. పటంలో లేనివారు, వరద వచ్చినప్పుడు రోడ్డు మీద అందరికీ కనిపించారు. అదే తీరాన అక్షర్‌ధామ్ ఆలయం, కామన్‌వెల్త్ క్రీడాగ్రామం పక్కాగా లేచాయి. ఒకే నేల మీద నిషేధం కొందరికి ఒక తీరుగా, మరికొందరికి ఇంకొక తీరుగా ఎందుకు వర్తిస్తుందని శిక్షణార్థి అడిగితే, జవాబు చెప్పడానికి అధ్యాపకుడు సిద్ధపడి రావాలి.

తూర్పున గాజీపూర్ చెత్తకొండ. 1984లో మొదలై, 2002 నాటికే నిండిపోయి, ఆ తర్వాత కూడా పెరిగిన కొండ. 2017 సెప్టెంబరు 1న అందులో కొంతభాగం కూలి ఇద్దరు చనిపోయారు. దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆసియాలో దాదాపు ప్రతి పెద్ద నగరానికీ ఇటువంటి కొండ ఒకటి ఉన్నది.

మరి వీటన్నిటికీ జవాబుదారీ ఎవరు? భూమి అభివృద్ధి సంస్థది, ఆ సంస్థ కేంద్ర ప్రభుత్వానిది. చెత్త నగరపాలక సంస్థది. ఆ నగరపాలక సంస్థను 2012లో మూడుగా విడగొట్టి 2022లో మళ్ళీ ఒకటి చేశారు. నీరు ఢిల్లీ జల్ బోర్డుది, రైలు మెట్రో కార్పొరేషన్‌ది, గుడిసెల మెరుగుదల 2010లో ఏర్పడిన మరో బోర్డుది. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికతో మొదలుపెట్టి పద్దెనిమిది బాధ్యతలను పురపాలక సంఘాలకు అప్పగించదగినవిగా పేర్కొన్నది. రాజధానిలో ప్రణాళిక మాత్రం నేటికీ నగరపాలక సంస్థ చేతిలో లేదు. ఢాకాలో రాజుక్ సంస్థ, నగర కార్పొరేషన్ల మధ్య పని పంచుకోవడం చూసినవారికి ఇది పాత కథగానే తోస్తుంది. ఎవరి ముందు ఎవరూ సిగ్గుపడనక్కరలేని చోటు ఇదే. నిజమైన చర్చ మొదలయ్యేదీ ఇక్కడే.

మురికివాడ మనిషిని సాటి పనివాడుగా చూడడం ఎలాగో భారతదేశం దగ్గర పాఠం లేకపోలేదు. అది ఢిల్లీలోనే మొలకెత్తింది. 1958లో ఢిల్లీ నగరపాలక సంస్థ ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో పట్టణ సమాజాభివృద్ధి ప్రయోగం ప్రారంభించింది. అయితే ఆ విత్తనం బాగా పట్టిన నేల వేరు. అది హైదరాబాదు. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ ఇటువంటి ప్రయోగాన్నే చిన్న సిబ్బందితో మొదలుపెట్టింది. కమ్యూనిటీ ఆర్గనైజర్లు బస్తీలకు పోయి, ముందు ఏమీ ఇవ్వక, ‘మీకేమి కావాలి?’ అని అడిగారు. ఒకచోట బాలవాడి కావాలన్నారు, మరొకచోట ఆడవారికి కుట్టుపని నేర్పే కేంద్రం కావాలన్నారు. బస్తీవారు కొంత వేసుకుంటే నగరపాలక సంస్థ కొంత వేసింది. ఇదంతా నిదానపు పని. ఏడాది చివర పంపే నివేదికలో గొప్పగా కనిపించే పని కాదు.

1970ల మధ్యకాలంలో యూనిసెఫ్ తోడు వచ్చింది. ఆ దశాబ్దం చివర, ఢిల్లీ ఇళ్ళు తరలించిన కొద్దికాలానికే, హైదరాబాదు బస్తీలలో ఉన్నచోటనే పట్టాలిచ్చి, బ్యాంకు రుణాలిప్పించి, ఎవరి ఇల్లు వారినే కట్టుకోనిచ్చారు. ఆ అనుభవాన్ని యూనిసెఫ్ సలహాదారు విలియం కజిన్స్, కేథరిన్ గోయ్‌డర్ 1979లో పుస్తకంగా వెలువరించారు. 1983 తర్వాత బ్రిటిష్ ప్రభుత్వ ధనసహాయంతో పని విస్తరించింది. విశాఖపట్నం, విజయవాడ కూడా అదే దారి పట్టాయి. ఏడో పంచవర్ష ప్రణాళికలో దేశమంతటికీ తెచ్చిన పట్టణ మౌలిక సేవల పథకానికి హైదరాబాదు అనుభవం ఒక ఆధారం. అయితే ధనం పెరిగేకొద్దీ ‘మీకేమి కావాలి?’ అన్న ప్రశ్నకు వ్యవధి తగ్గుతుంది. రోడ్డు పొడవు కొలవడం తేలిక, బస్తీ సంఘం బలం కొలవడం కష్టం. పెద్ద పథకాలన్నిటికీ ఈ జబ్బు అంటే ప్రమాదమున్నది.

పాఠం ఒకవైపే నడవాలన్న నియమమూ లేదు. 1969లో జకార్తా తన కంపుంగ్ పేటలను కూల్చకుండా బాగుచేయడం ప్రారంభించింది. 1980లో కరాచీలోని ఓరంగీలో అఖ్తర్ హమీద్ ఖాన్ ప్రారంభించిన పనిలో వీథివీథికీ మురుగుగొట్టాలను ఆ వీథివారే తమ డబ్బుతో వేసుకున్నారు. పెద్ద కాలువ మాత్రం ప్రభుత్వానికి విడిచిపెట్టారు. 1984లో శ్రీలంక పది లక్షల ఇళ్ళ పథకంలో కట్టడం కంటే కట్టుకోవడానికి తోడ్పడడం మేలని ఎంచుకున్నది. ఢిల్లీ తరగతి గదిలో విద్యార్థుల వరుసలో కూర్చున్న కొలంబో అధికారికి ఈ విషయంలో అధ్యాపకుడి కంటే ఎక్కువ తెలిసి ఉండవచ్చు.

సందర్శన రోజున బస్సును మయూర్ విహార్ ఫేజ్-1 మెట్రో స్టేషను దగ్గర ఆపి వెనక్కి పంపవచ్చు. శిక్షణార్థులను ఇద్దరిద్దరుగా, దుభాషితో, త్రిలోక్‌పురి సందుల్లోకీ, చిల్లా ఖాదర్ పొలాల్లోకీ, సహకార సంఘాల ఫ్లాట్లలోకీ పంపవచ్చు. అడగవలసిన ప్రశ్నలు మూడు చాలు. నీరు ఏ వేళకు వస్తుంది? రాకపోతే ఎవరికి చెబుతారు? చెప్పినప్పుడు ఏమి జరిగింది? ఫ్లాటులోని పెద్దమనిషి మూడింటికీ జవాబు చెప్పవచ్చు. పొలంలో మనిషి రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోవచ్చు. సాయంత్రం లోధీ రోడ్డుకు చేరాక నివేదిక రాసేటప్పుడు, జవాబు దొరకక ఖాళీగా మిగిలిన గడులను ఎవరూ దిద్దకుండా అలాగే ఫైలులో ఉంచాలి.