4.2 దగ్గర ఆగాలి

కరెంటు పోయినప్పుడు వెలగాల్సిన లైటు ఇంటికి నిప్పు పెట్టేది కాకూడదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మన సభ్యుల ఇళ్ళలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎమర్జెన్సీ లైటును మంచం పక్కనే ఛార్జింగులో పెట్టి పడుకుంటారు. అట్లాంటి లైటు ఒకటి చేయి పెట్టలేనంత కాలుతుందని మా దగ్గరికి వచ్చింది. విప్పి చూసినాము. లోపల ఛార్జింగ్ చిప్పే లేదు. ఒక డయోడు, ఒక రెసిస్టరు, నేరుగా లిథియం సెల్లు. అంతే.

లెక్క చూడండి. ఛార్జరు ఇచ్చేది 5 వోల్టులు. డయోడులో సుమారు 0.7 పోతే మిగిలేది 4.3. మామూలు లిథియం అయాన్ సెల్లుకు హద్దు 4.2. ఆపేవాడు లేడు గనక రాత్రంతా ఎక్కుతూనే ఉంటుంది. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీని తగిన వోల్టేజిలో రోజుల తరబడి ఛార్జింగులో ఉంచినా ఓర్చుకుంటుంది. లిథియం ఓర్చుకోదు. నిండినాక ఆపేయాల్సిందే.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసి దిగినవాళ్ళం, చదివింది తమిళ మీడియం. వోల్టేజిని మిన్నళుత్తం అని, కరెంటును మిన్నోట్టం అని నేర్చుకున్నాము. మిన్‌తడై అంటే రెసిస్టెన్సూ అదే, కరెంటు పోవడమూ అదే! తెలుగులో రెసిస్టెన్సును నిరోధం అంటారని పిల్లల పుస్తకం చూసినాకే తెలిసింది. రిటైరైనాక సోల్డరింగ్ పట్టి, ఆ లైటుకు కొత్త సర్క్యూట్ వేసినాము.

వాడింది టీపీ 4056 అనే చిప్. సెల్లు 2.9 వోల్టుల కంటే కింద ఉంటే ముందు కొంచెం కొంచెంగా ఎక్కిస్తుంది. తర్వాత ఒకే కరెంటు. 4.2 చేరినాక వోల్టేజిని అక్కడే నిలిపి కరెంటును తగ్గిస్తుంది. అది పదో వంతుకు దిగగానే ఆపేస్తుంది. ఆకలిగా ఉన్నవానికి ముందు గంజి, తర్వాత అన్నం, చాలన్నప్పుడు చేయి కడగడం.

బోర్డులో మామూలుగా ఉండేది 1.2 కిలో ఓముల రెసిస్టరు, దానితో 1 ఆంపియరు. మేము దాన్ని తీసి 2.4 వేసినాము. కరెంటు సగమైంది. సెల్లు 3.7 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు చిప్‌లో వేడిగా పోయేది 1.3 వాట్లు, ఇప్పుడు 0.65. రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది, తొందరేమి?

ఇంకో చిక్కు. లైటు వెలుగుతూ ఛార్జ్ అయితే, లైటు తాగే కరెంటును కూడా చిప్ సెల్లు లెక్కలోనే రాసుకుంటుంది, నిండినా ఆపదు. అందుకని ఆరు కాళ్ళ స్విచ్ పెట్టినాము. లైటు వేస్తే ఛార్జింగ్ తెగుతుంది, ఆర్పితే కలుస్తుంది. సెల్లు మరీ ఖాళీ కాకుండా సుమారు 2.4 దగ్గర తెంచే రక్షణ సర్క్యూట్ బోర్డులోనే ఉంది, దాన్ని తాకలేదు.

ఈ చిప్‌కు సెల్లు వేడిని చూసే కాలు ఒకటి ఉంది. చవక బోర్డుల్లో దాన్ని గ్రౌండుకు కలిపేస్తారు, అంటే కళ్ళకు గంతలు. మన ఎండాకాలంలో ఇది చిన్న సంగతి కాదు. సెల్లును చిప్‌కు దూరంగా బిగించినాము. మీరు కూడా కిటికీ ఎండలో, పరుపు మీద ఛార్జింగ్ పెట్టకండి.

కాలుతున్న లైటు, పొంగిన బ్యాటరీ కనబడితే ప్లగ్గు తీసేయండి. మీరే పొడిచి విప్పకండి. చెత్తబుట్టలో వేయకండి, ఈ-వేస్టు తీసుకునే చోట ఇవ్వండి. కొత్త లైటు కొనేటప్పుడు అంగడివాణ్ణి ఒక్క మాట అడగండి: "నిండినాక తనంతట అదే ఆగుతుందా?" జవాబు చెప్పలేకపోతే ఆ లైటు మన ఇంటికి వద్దు.