హక్కునకు దారి

హైదరాబాదు హుస్సేనీ ఆలం గల్లీలలో జిరాక్సు దుకాణముల యెదుట, ఆధారు నకళ్లను ప్లాస్టిక్ సంచిలో మడత పడకుండ పట్టుకొని నిలిచిన తల్లులను చూచునపుడెల్లను, ప్రభుత్వ సాయము వారి హక్కే యైనను, ఆ హక్కునకును వారికిని నడుమ ఒక దరఖాస్తు కాగితము కోటగోడవలె నిలిచియున్నదని నాకు తోచుచుండును. 2023 డిసెంబరు 28 నుండి 2024 జనవరి 6 వరకు తెలంగాణ ప్రభుత్వము జరిపిన ప్రజాపాలన సభలలో దరఖాస్తులు ఉచితముగనే స్వీకరింపబడినవి. కాని వ్రాయనేరనివారికి ఫారము నింపిపెట్టు చేయి కూడ వలయును గదా!

ఆదాయపు పన్ను సంగతియు నిట్టిదే. బండిపై ఇంటింటికి భోజనము చేరవేయు కుర్రవాని సంపాదన పన్ను పడు పరిమితికి లోపలనే యున్నను, అతనికి వచ్చు చెల్లింపులలో నూటికి ఒక రూపాయి చొప్పున టీడీఎస్ (ముందుగనే పట్టుకొను పన్ను) కోత పడవచ్చును. రిటర్ను దాఖలు చేసిననే గాని ఆ సొమ్ము తిరిగి చేతికి రాదు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఆ దాఖలుకు రుసుమేమియు లేదు.

లెక్కలు తెలిసిన మిత్రులారా, కామర్సు విద్యార్థులారా! ఆదివారము ఒక గంట మీ బస్తీలో కూర్చుండి ఫారములు నింపిపెట్టుడు. పైకము పుచ్చుకొనకుడు, ఓటీపీ, పాస్‌వర్డు మాత్రము వారియొద్దనే యుండనిండు.